భీముడు తలుపుకి కట్టిన ముడి

పాడేరు బస్టాండు బయట, జి.మాడుగుల వైపు వెళ్లే జీపులు నిలబడే చోట, మిగతా డ్రైవర్లు జనాన్ని కేకేసి పిలిచి, మోకాళ్లకి మోకాళ్లు తగిలేలా కుక్కి, పైన ఇంకో ఇద్దర్ని ఎక్కించుకుని బయలుదేరేవాళ్లు. భీముడు మాత్రం వెనక తలుపు దగ్గర నిలబడి, ఎక్కబోయే మనిషిని ఆపి, లోపలివైపు వేలాడే ఇనుపతీగ చూపించేవాడు. ఆ తీగ లాగితే గడియ ఊడి తలుపు తెరుచుకుంటుంది. ప్రతి మనిషీ ఒక్కసారి లాగి చూడాలి. సంతరోజున నెత్తిమీద పసుపు బస్తాతో వచ్చిన మనిషైనా సరే, బస్తా దించి లాగాల్సిందే.

“ముందు దిగడం నేర్సుకోండి. ఎక్కడం ఎలగూ వొచ్చు,” అనేవాడు.

అందుకని జనం అతనికి తలుపు భీముడని పేరు పెట్టారు. ఇంట్లో అతని భార్య తవిటమ్మ దెప్పడం వేరేగా ఉండేది. లోకంలో తలుపులన్నీ ఇతనికే కావాలి గానీ, సొంత వంటింటి తలుపు ఏళ్ల తరబడి ఒక బందు మీద వేలాడుతుంటే కళ్లకి ఆనదు అనేది.

గ్రంథాలయంలో ఉద్యోగానికి మైదానం నుంచి ఈ కొండలకి వచ్చిన కొత్తలో నేనూ ఆ తీగ లాగాను. పుస్తకాల కట్ట ఒళ్లో పెట్టుకుని, ఎందుకని అడక్కుండా లాగి కూర్చున్నాను. అడిగే స్వభావం కాదు నాది. కారణం చాలా ఏళ్ల తర్వాత తవిటమ్మ చెబితే తెలిసింది.

వాళ్లకి పెళ్లయి అప్పటికి నాలుగు నెలలట. భీముడు వేరేవాళ్ల జీపు నడిపేవాడు. ఒక వానరోజు గెడ్డ, అదే కొండవాగు, దాటుతుంటే బండి పక్కకి ఒరిగింది. అతను ఎగిరి ఒడ్డున పడ్డాడు. భుజం ఎముక విరిగింది. వెనక తొమ్మిదిమంది ఉన్నారు. అందులో తవిటమ్మ ఒకతె. ఆ రోజుల్లో వెనక తలుపు గడియ బయటివైపే ఉండేది. లోపలివాళ్లు ఎంత గుద్దినా తలుపు రాలేదు. నీళ్లు నడుం దాకా వచ్చాయి. వెదురు కొట్టడానికి వెళ్తున్న మనిషొకడు తన కత్తితో పైకప్పు గుడ్డ చీల్చాడు కాబట్టి అందరూ ఒక్కొక్కరుగా బయటపడ్డారు. ఎవరి ప్రాణమూ పోలేదు. అయినా భీముడికి నిద్రలో వచ్చేది బతికిన తొమ్మిదిమంది కాదట. బారెడు దూరంలో ఆ గడియ, లేవని తన చెయ్యి.

ఆ తర్వాత అతను నడిపిన ప్రతి బండికీ లోపల తీగ వేలాడింది.

భీముడికి ఇప్పుడు అరవై దగ్గర పడ్డాయి. జీపు ఎప్పుడో పాతసామానులోకి పోయింది. ఎకరంన్నర కాఫీ తోట ఉంది, దానిలోని చెట్లకి మిరియం తీగలున్నాయి. అయినా స్టీరింగు లేకపోతే చేతులు ఊరుకోవు. రెండేళ్ల క్రితం, మైదానం నుంచి వచ్చి పాడేరులో కిరాణా కొట్టు పెట్టుకుని స్థిరపడ్డ వరహాలరావు, కొండల మీద మేఘాలు చూడ్డానికి వచ్చే జనం కోసం ఒక కరెంటు కారు కొన్నాడు. ఘాట్ రోడ్డు మీద ఇన్నేళ్లు ఒక్క మనిషినీ పోగొట్టుకోని డ్రైవరు కావాలని భీముణ్ణి పిలిచి తాళం ఇచ్చాడు.

కారు చేతికొచ్చిన రెండో రోజే భీముడు మా ఇంటికి వచ్చాడు. కారుతోపాటు ఇచ్చిన పుస్తకం చంకలో ఉంది, నాలుగు వందల పేజీలు పైనే. తను మైలురాళ్ల మీద ఊళ్ల పేర్లు మాత్రం కూడబలుక్కోగలడు. ఇది ఇంగ్లీషు. నా బల్ల మీద పెట్టి ఒకే ఒక్క సంగతి అడిగాడు.

“కరెంటు పోతే ఈ తలుపులు ఎలగ తియ్యాలో ఎక్కడ రాసుందో సూడండి మేస్టారూ.”

ఆ కారుకి బయట పిడులు ఉండవు. తలుపు రేకులోనే అణిగిపోయి ఉంటాయి. తాళంతో దగ్గరికి వెళ్తే అవే బయటికి వస్తాయి. లోపల బొత్తాం నొక్కితే తలుపు వదులుతుంది. అన్నీ కరెంటుతోనే. జీవితంలో చాలా పుస్తకాలు చదివానుగానీ, ఎదురుగా ఒక మనిషి ఊపిరి బిగబట్టి కూర్చుని ఉండగా చదివింది అదొక్కటే. ముందు తలుపుల సంగతి త్వరగానే దొరికింది. అద్దాల బొత్తాల ముందు చిన్న మీట ఒకటి ఉంటుంది, దాన్ని పైకి లాగాలి. చెప్పాను. తల ఊపాడు. మరి వెనకవో అన్నాడు.

పేజీ తిప్పితే సీటు బెల్టుల గురించి ఉంది. ఇంకో పేజీలో పిల్లల సీట్ల గురించి. వెనక తలుపుల మాట ఇందులో రాసినట్టు లేదని చెప్పి పుస్తకం మూయబోయాను. అతను పుస్తకం మీద వేలు ఆనించాడు. ఇంకో కాయితం తిప్పమన్నాడు. తర్వాత ఇంకోటి. పదకొండు పేజీలు అలా తిప్పించాడు. అక్కడ, చీమల్లాంటి అక్షరాల్లో, బొటనవేలి గోరంత బొమ్మ పక్కన ఉంది. వెనక తలుపు కింది అరలో రబ్బరు పట్టా పరిచి ఉంటుంది. దాన్ని ఎత్తితే చిన్న మూత. మూత తీస్తే తీగ కొస. అది లాగాలి.

ఇద్దరం వీధిలోకి వెళ్లాం. భీముడు వెనక సీట్లో బోర్లా పడుకుని ఆ అరలో చెయ్యి పెట్టి తడిమాడు. టక్కుమంది. తలుపు తెరుచుకుంది. మూసి మళ్లీ లాగాడు. మళ్లీ లాగాడు. అప్పుడు నవ్వాడు.

అంత లోపల దాచిపెడితే ఆపదలో ఎవరికి కనిపిస్తుందని గొణుక్కుంటూ, మర్నాడు తవిటమ్మ పాత రవికెలోంచి రెండు ఎర్ర పీలికలు చింపి, రెండు తలుపుల్లోనూ ఆ తీగల కొసలకి కట్టాడు. మూతలు తీసేసి, పీలికలు అరలోంచి పైకి కనబడేలా వదిలాడు. వరహాలరావు చూసి, కొత్త కారుకి తాయెత్తు కట్టీసినావేటని ఎగతాళి చేశాడు. పట్నం నుంచి వచ్చినవాళ్లు ఇదేదో ఇక్కడి ఆచారమనుకుని ఫోటోలు తీసుకున్నారు. భీముడు అవేమీ పట్టించుకోకుండా ఎక్కిన ప్రతివాళ్ల చేతా ఆ గుడ్డ లాగించేవాడు.

ఇక పోయిన శ్రావణంలో జరిగింది చెప్పాలి. ఇది నాకు భీముడు ఒకలాగా, ఆ రోజు కారెక్కిన సోములమ్మ ఇంకోలాగా చెప్పారు. ఇద్దరి మాటల్లో కలిసినవే రాస్తున్నాను.

జి.మాడుగుల అవతల కొండమీది ఊళ్లో కాఫీ తోటలు చూడవచ్చిన ఇద్దర్ని దింపి, భీముడు ఖాళీ కారుతో తిరిగి వస్తున్నాడు. ఉదయం పది దాటింది. వాన. ఊరి చివర సోములమ్మ రోడ్డుకి అడ్డంగా నిలబడి చెయ్యెత్తింది. నెత్తిన ఎరువుల సంచి కప్పుకుని ఉంది. అరుగు మీద ఆమె కోడలు మాధవి స్తంభం పట్టుకుని వంగిపోయి ఉంది. తొలికాన్పు. తెల్లవారుజాము నుంచి నొప్పులు. బిడ్డ అడ్డంగా ఉందని, ఇక్కడ చేసేది ఏమీ లేదని, మధ్యాహ్నం ఒంటిగంట లోపల పాడేరు పెద్దాసుపత్రికి చేర్చకపోతే ఇద్దరికీ ముప్పేనని ఊళ్లో ఉండే ఆరోగ్య కార్యకర్త చెప్పింది. అంబులెన్సు ఆ దారిలో పైకి రాలేనంది. మాధవి మొగుడు ఫల్గుణ మోటారుసైకిలు మీద జీపు తేవడానికి కిందికి వెళ్లాడు.

భీముడు ఇద్దర్నీ వెనక సీట్లో ఎక్కించాడు. కుడి తలుపు పక్కన సోములమ్మ. ఆమె ఒళ్లో తల పెట్టుకుని మాధవి. కారు కదిలింది. తలుపు ఎలా తీయాలో ఆ ఒక్క రోజు చూపించలేదు.

మూడు కిలోమీటర్లు దిగేసరికి, పొద్దున దాటి వచ్చిన కల్వర్టు మీద ఇప్పుడు గెడ్డ పారుతోంది. అవతలి ఒడ్డున జీపు, జీపు పక్కన ఫల్గుణ, ఇంకో ఇద్దరు. కారు దాటదు. మనుషులు దాటగలరేమో చూడాలి. భీముడు కారు ఆపుచేసి, వాన జల్లు మాధవి మీద పడకుండా తన తలుపు మూసి, కర్రతో నీళ్లలోకి దిగాడు. మోకాలి లోతు. అడుగున నేల గట్టిగానే ఉంది. అటు కేకేస్తే ఫల్గుణవాళ్లు దుప్పటీ, వెదురుబొంగూ తీసుకుని ఇవతలికి వచ్చారు. డోలీ కట్టి మోసుకుపోతే పది నిమిషాల్లో జీపులో ఉంటుంది.

తిరిగి వచ్చేసరికి కారు చచ్చిపోయింది.

జేబులో తాళం నొక్కాడు. పలకలేదు. పిడులు బయటికి రాలేదు. అద్దాలన్నీ పైదాకా ఎక్కి ఉన్నాయి, లోపలి ఆవిరికి మసకబారుతున్నాయి. లోపల సోములమ్మ తలుపు బొత్తాం నొక్కుతూనే ఉంది. కారుని నడిపే పెద్ద బ్యాటరీ వేరట. తలుపులూ దీపాలూ నడిపేది వేరే చిన్న బ్యాటరీ. అది పోయిందని తర్వాత మెకానిక్కు చెప్పాడు. వారం ముందే తెర మీద పసుపు దీపం వెలిగిందని భీముడు చెబితే, సీజను అయ్యాక చూద్దాంలే అన్నాడట వరహాలరావు.

ఫల్గుణ గెడ్డలోంచి రాయి తీసుకుని ముందు తలుపు అద్దం మీద కొట్టాడు. నీళ్లలో నానిన నున్నటి రాయి, జారిపోయింది. ఇంకో దెబ్బ వేశాడు. అద్దం పగల్లేదుగానీ లోపల మాధవి ఉలిక్కిపడి అరిచిన అరుపు బయటికి వినిపించింది. వెనక తలుపు అద్దం కొడదామంటే దాని కిందే ఆమె తల. మూడో దెబ్బకి అద్దం పగిలేదేమో, తెలియదు. భీముడు ఫల్గుణ చెయ్యి పట్టుకున్నాడు. సోములమ్మ పక్క అద్దానికి నోరు ఆనించి కేకేశాడు.

“అప్పా, నీ కాలికాడ ఎర్రగుడ్డ ఉంది సూడు. దాన్నట్టుకుని లాగు.”

ఆమె చూసింది. చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకుంది. తల అడ్డంగా ఊపింది. వినబడలేదనుకుని మళ్లీ గట్టిగా చెప్పాడు. అప్పుడు ఆమె మాట, కుండ అడుగునుంచి వచ్చినట్టు వచ్చింది.

“ముడుపది. నాను ముట్టను.”

ఆ ఊళ్లలో అమ్మవారి రాయి పక్కన చెట్టుకొమ్మలకి ఎర్రగుడ్డ పీలికలు మూడు చుట్ల ముడితో వేలాడుతుంటాయి. ఎవరి మొక్కు వాళ్లది. మొక్కు తీరేదాకా ఇంకో చెయ్యి దాన్ని ముట్టదు. ముట్టితే ఆ మనిషి మొక్కు చెడి, కీడు ముట్టినవాళ్ల ఇంటికి వస్తుందని నమ్మకం. సోములమ్మ ఒళ్లో కోడలు ఉంది, కోడలి కడుపులో బిడ్డ అడ్డంగా ఉంది. వేరేవాళ్ల ముడి లాగడానికి ఆమెకి అంతకంటే కానివేళ ఇంకోటి లేదు.

భీముడు వంగి అద్దంలోంచి ఆ గుడ్డ వైపు చూశాడు. మూడు చుట్లు. తను కట్టింది ఏమిటో అప్పుడే మొదటిసారి చూశానన్నాడు నాతో. పెళ్లయినప్పటి నుంచి తవిటమ్మతోపాటు చర్చికి వెళ్తున్నాడు, ముడుపు కట్టి ముప్పై ఏళ్లు దాటింది. అయినా గుడ్డ పీలిక చేతికిస్తే అతని వేళ్లు వేసే ముడి అదొక్కటే. చిన్నప్పుడు తల్లి నేర్పింది. పట్నం జనం ఎన్నిసార్లు లాగినా ఎవరూ జంకలేదు కాబట్టి అతనికి గుర్తే రాలేదు. కొండమనుషులు ఆ కారు ఎక్కడం అదే మొదలు.

అది ముడుపు కాదు, ఉత్త గుర్తు అన్నాడు.

“మూడు సుట్లేసి గుర్తంతావేటి తమ్ముడా? ఎవలు కట్టినారో, ఏటి మొక్కినారో.”

ఫల్గుణ తల్లి మీద కేకలేశాడు. ఆమె కొడుకు వైపు చూడలేదు. మాధవి నుదురు తుడుస్తూ కూర్చుంది. ముందు సీటు మీదుగా వంగి అక్కడి మీట లాగమని భీముడు సైగ చేశాడు. రెండు సీట్ల మధ్య పెట్టెలాంటి దిమ్మ, ఒళ్లో మనిషి. ఆమె చెయ్యి సగం దూరమే అందింది. మాధవి మళ్లీ అరిచింది. ఈసారి ఆ అరుపు పొట్టిగా తెగిపోయింది.

భీముడు నుదురు అద్దానికి ఆనించాడు.

“నానే కట్టినాను అప్పా.”

“ఏటి మొక్కినావు?”

బారెడు దూరంలో తీగ. వాళ్లు లోపల, తను బయట. అప్పట్లాగే.

“నా బండెక్కినోలు లోపలుండిపోకూడదని. తలుపు తెరుసుకోవాలని. ముప్పై అయిదేళ్లయింది.”

“తీరిందా?”

“నువ్వు లాగితే తీరుద్ది.”

సోములమ్మ ఆలోచించింది. ఆ ఆలోచన ఎంతసేపు పట్టిందో ఇద్దరూ వేరువేరుగా చెప్పారు. ఆమె లెక్కలో రెప్పపాటు, భీముడి లెక్కలో ఒక పూట.

“మొక్కినోడే ఇప్పాల,” అంది.

“నా సెయ్యి అందదు. నా సెయ్యి నీకిచ్చినాను. నా పేరు సెప్పి నువ్విప్పు.”

ఇంటిపేరు అడిగింది. కొర్రా అన్నాడు. ఆమె వంగి గుడ్డని వేలికొసలతో తాకి, కళ్లకద్దుకుని, కొర్రా భీముడి మొక్కు అని పెదాలు కదిపి, ఆ మూడు చుట్లూ ఒక్కొక్కటిగా విప్పింది. లాగలేదు. పద్ధతిగా విప్పింది. గుడ్డ ఊడి చేతికి వచ్చింది. తలుపు కదల్లేదు. ఆమె ఆ గుడ్డ పైకెత్తి అద్దంలోంచి చూపించింది.

“ఇప్పినాను. తెరుసుకోనేదు.”

పక్కనున్న ఫల్గుణ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడట. భీముడికి మాత్రం, అంత భయంలోనూ, నవ్వొచ్చిందట.

“గుడ్డ కట్టిన కాడ తీగ కొస ఉంటాది. ఇప్పుడది లాగప్పా.”

ఉత్త తీగకి ఏ అడ్డూ లేదు. గట్టిగా లాగింది. టక్కుమంది. తలుపు చేతి మీద పడినట్టు వచ్చింది. చల్లటి వానగాలి లోపలికి పోయింది, లోపలి వేడి గాలి భీముడి మొహానికి తగిలింది. ఆ వెచ్చదనం ఎప్పటికీ మరిచిపోలేనన్నాడు.

దుప్పటి డోలీలో మాధవిని ఎత్తుకుని గెడ్డ దాటారు. భీముడు ముందు కర్రతో, వెనక సోములమ్మ తడిసిన సంచి కోడలి మొహానికి అడ్డం పట్టి. పన్నెండున్నరకి ఆసుపత్రిలో ఉన్నారు. ఆపరేషన్ చేశారు. నాకు కబురు తెలిసి నేను వెళ్లేసరికి భీముడు వరండాలో తడిబట్టలతోనే కూర్చుని ఉన్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. కొంతసేపటికి సోములమ్మ బయటికి వచ్చింది.

“ఆడగుంట పుట్టింది తమ్ముడా. ఇద్దరూ బావున్నారు.”

అతను లేచి, ఆమె బయటికి వచ్చిన తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. గడియ ఎటువైపు ఉందో చూస్తున్నాడని నాకు అర్థమై నవ్వాపుకోలేకపోయాను. అప్పుడు అతనూ నవ్వాడు. నవ్వుతూ తువ్వాలుతో మొహం కప్పుకుని చాలాసేపు తియ్యలేదు.

వరహాలరావు కారుని లాగించుకొచ్చి చిన్న బ్యాటరీ మార్పించాడు. నువ్వు చెప్పినావు, నాను వినలేదు అని ఒక్కసారి అన్నాడట. ఆ ఆదివారం తన భార్య పద్మావతిని వెనక సీట్లో కూర్చోబెట్టి, తీగ ఎక్కడుందో తనే చూపించాడు. తాయెత్తు మాట మళ్లీ ఎత్తలేదు.

భీముణ్ణి మాత్రం ఒక సంగతి పీకుతూ ఉండేది. వారం తర్వాత నా దగ్గరికి వచ్చి, కాఫీ తాగడం అయ్యాక అడిగాడు.

“అబద్ధమాడినానేటి మేస్టారూ? నాను మొక్కలేదు గదా.”

ముప్పై అయిదేళ్లుగా ప్రతి మనిషి చేతా తీగ లాగించడం ఏమిటి మరి అన్నాను. ఒప్పుకున్నాడో లేదో తెలియదు. నాకైతే వేరే సంగతి గుర్తొస్తూ ఉంటుంది. ఆ రోజు నేను పుస్తకం మూయబోయాను. అతని వేలు అడ్డం రాకపోతే ఆ పదకొండో పేజీ మూసే ఉండేది. ఇన్నేళ్లు నా కొలువే పుస్తకాలు తెరిచి ఇవ్వడం. ఆ మూయబోయిన సంగతి ఎవరితోనూ అనలేదు. ఆ పేజీ తలుచుకుంటే ఇప్పటికీ గుండె మీంచి బరువు దిగినట్టు ఉంటుంది.

వెళ్లబోతూ జేబులోంచి మిరియాల బస్తా కట్టే నీలం ప్లాస్టిక్ తాడు ముక్కలు రెండు తీసి ఇచ్చాడు. తలుపుల తీగలకి వాటిని నన్ను కట్టమన్నాడు. తన చెయ్యిని నమ్మలేనన్నాడు, మళ్లీ మూడు చుట్లు వేసేస్తుందట. మైదానం మనిషి వేసిన ముడికి ఎవరూ జంకరు. బూట్ల తాడు ముడిలా రెండు ముళ్లు వేశాను. లాగి చూసి బాగుందన్నాడు.

ఎర్రగుడ్డ సోములమ్మ తిరిగి తెచ్చి ఇచ్చింది, తీరిన మొక్కు గుడ్డ కట్టినవాడికే చేరాలని. తవిటమ్మ దాన్ని ఉతికి, ఆరేసి, ఎక్కడ పెట్టాలో తోచక, వంటింటి తలుపు ఊడిన బందుకి కట్టింది. ఇప్పుడా తలుపు నిలబడుతోంది.

మూడో నెలలో పాపకి సూది వేయించి ఊరికి పంపాలని భీముడు కారు తెచ్చాడు. దారిలో గాలి మార్పుకని నన్నూ ముందు సీట్లో ఎక్కించుకున్నాడు. మాధవి పాపని ఎత్తుకుని వెనక కూర్చుంది. భీముడు వెనక్కి తిరిగి నోరు తెరవబోయాడు. ఆమె అప్పటికే పాపని ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చెయ్యి కింది అరలోకి దించింది. చూడకుండానే తాడు లాగింది. తలుపు టక్కుమని తెరుచుకుంది. మళ్లీ వేసుకుంది.

“ఇక పద చిన్నాన్నా,” అంది.

అతను ముందుకి తిరిగి కారు కదిలించాడు.